ఉత్త ఎంబీబీఎస్సేనా?

"ఉత్త ఎంబీబీఎస్సేనా, పీజీ చెయ్యలేదా?" అని పెళ్లిచూపుల్లోనూ అడుగుతారు, క్లినిక్‌లోనూ అడుగుతారు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తయి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో పేరు నమోదైతే చట్టం దృష్టిలో ఆ మనిషి పూర్తి డాక్టరే. పీజీ తప్పనిసరి కాదు. 2002 నాటి వైద్య నైతిక నియమాలు కాదనేది, ఒక శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా ఆ శాఖ స్పెషలిస్టునని చెప్పుకోవడాన్ని. షుగరు రోగులను చూడొచ్చు, బోర్డు మీద డయాబెటాలజిస్టు అని రాయించకూడదు.



కొన్ని పనులకు విడిగా శిక్షణ కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అత్యవసర సిజేరియన్లకు మత్తు ఇవ్వడానికి ఎంబీబీఎస్ డాక్టర్లకు ప్రత్యేక శిక్షణ పెట్టారు. ఆపరేషన్లే వృత్తిగా చేసుకోవాలన్నా, రేడియాలజీలోకి వెళ్లాలన్నా మాత్రం పీజీ చెయ్యాల్సిందే.

అయితే రోగి ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా మామూలు పని దగ్గరే. యాభై ఏళ్ల షుగరు మనిషి పొట్ట పైభాగంలో మంటని వస్తాడు. గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేయకూడదు, అది గుండెపోటు కావచ్చు. వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తియ్యాలి. మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే 15–30 నిమిషాలకు మళ్లీ తియ్యాలి. గుండెపోటని తేలితే, ఎలర్జీ, రక్తస్రావం లేవని చూసుకుని, ఆస్పిరిన్ 300 మి.గ్రా. నమిలించి 108లో పంపాలి. చీటీలో నొప్పి మొదలైన సమయం తప్పక రాయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది దాన్ని బట్టే తేలుస్తారు, 12 గంటలు దాటితే దాని ఫలితం బాగా తగ్గిపోతుంది. వీటిలో దేనికీ ఎండీ అక్కర్లేదు.

స్పెషలిస్టుల మధ్య జారిపోయేదీ ఉంటుంది. బీపీకి ఒకరు టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం పోయించే మాత్ర రాస్తారు, మోకాళ్ల నొప్పికి ఇంకొకరు డైక్లోఫెనాక్ రాస్తారు. మూడూ కలిస్తే, ముఖ్యంగా విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చదివే డాక్టరు ఒకరుండాలి. ఆ పనికీ చదువుంది: ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ అనే మూడేళ్ల పీజీ కోర్సు. పీజీ ర్యాంకు కోసం ఏళ్లకేళ్లు గదిలో కూర్చునేవాళ్లు కౌన్సెలింగ్ జాబితాలో ఆ పేరు దగ్గర ఒక్కసారి ఆగి చూడాలి.