ఆ 127 డిగ్రీలు నా ప్రాసెసర్‌వి కావు

గుంటూరు అరండల్‌పేటలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు నా జీవనాధారం. వైశాఖ ముహూర్తాల పని చేతినిండా ఉన్న సమయంలో, పది రోజుల క్రితం, నా డెస్క్‌టాప్ మధ్యాహ్నం పూట విపరీతంగా నెమ్మదించసాగింది. ఆపైన రెండుసార్లు పీడీఎఫ్ తయారవుతుండగానే ఆగిపోయింది. నిన్న రాత్రి ఆ బాధ తీరింది. వివరాలు మరచిపోకముందే రాసిపెడుతున్నాను.

మొదట యూపీఎస్ మార్చి చూశాను, తేడా లేదు. బ్లోయర్‌తో దుమ్ము కొట్టించాను, తేడా లేదు. కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అన్న నమోదు కనిపించింది. అది చూసి చాలామంది పవర్ సప్లై పోయిందని కొత్తది కొనేస్తారు. నిజానికి ఆ 41కి అర్థం, కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండానే ఆగి మళ్లీ మొదలైందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

ఆ తర్వాత సీపీయూను స్కూటర్ మీద పెట్టుకుని, రెండు నెలల క్రితం సర్వీసింగ్ చేయించిన దుకాణానికే తీసుకెళ్లాను. అక్కడ జరిగినదే నన్ను ఇన్ని రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. దుకాణం యజమాని ఉష్ణోగ్రతలు చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, వరుసగా కనిపిస్తున్న అంకెలలో ఎర్రగా ఉన్న 127 మీద వేలు పెట్టి, ‘‘బోర్డు కాలిపోయింది మాస్టారూ, ప్రాసెసర్ కూడా నమ్మకం లేదు, రెండూ మార్చాలి, పద్దెనిమిది వేలు అవుతుంది’’ అన్నాడు. కాలిపోయిన బోర్డు మీద ఆ సాఫ్ట్‌వేర్ ఎలా నడుస్తోందని అడిగాను. అప్పటికి దుకాణంలో ఆరేడుగురు ఉన్నారు. వాళ్లలో ఇద్దరు నా దగ్గర శుభలేఖలు వేయించుకున్నవారే. అందరికీ వినబడేలా, ‘‘మీరు అక్షరాలు దిద్దుకోండి, బోర్డుల సంగతి మాకు వదిలేయండి. గాలి ఆడని గదిలో, ఇంత ఎండలో పెట్టుకుని వాడితే ఏ మిషన్ తట్టుకుంటుంది?’’ అన్నాడు. అతని దగ్గర పనిచేసే కుర్రవాడు నవ్వాడు. నేను మారు మాట్లాడకుండా సీపీయూను తిరిగి స్కూటర్ మీద పెట్టుకుని వచ్చేశాను. శుభలేఖలో ముహూర్తం నిమిషాలు నా వల్ల తప్పు పడితే నా ఖర్చుతో తిరిగి అచ్చు వేయించి ఇస్తాను. అందుకు ఈ ఊళ్లో సాక్షులు చాలామంది ఉన్నారు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేనప్పుడు, ‘చూసి చెబుతాను’ అని ఆ మనిషి ఎందుకు అనలేకపోయాడో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

ఆ రాత్రంతా మిషన్‌ను ఆపి ఉంచి, తెల్లవారుజామున ఐదు గంటలకు, గదిలో 30 డిగ్రీలు ఉన్నప్పుడు ఆన్ చేసి, ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అన్న సాఫ్ట్‌వేర్ తెరిచాను. అప్పుడూ అదే 127. రాత్రంతా చల్లబడిన వస్తువు ఆన్ చేసిన నిమిషానికే నీళ్లు మరిగే వేడిని దాటి ఉండడం, గంట తర్వాత కూడా ఒక్క డిగ్రీ అటూ ఇటూ కదలకపోవడం అసాధ్యం. ఆ అంకె పక్కన ‘ఆక్స్‌టిన్’ అని ఉంది. మదర్‌బోర్డు మీద ఫ్యాన్లనూ వోల్టేజీలనూ కనిపెట్టి ఉండే చిప్‌కు సెన్సర్లు తగిలించుకునే ఇన్‌పుట్లు కొన్ని ఉంటాయి. బోర్డు తయారీదారు వాటిలో కొన్నింటికి ఏ సెన్సరూ తగిలించడు. అలా ఖాళీగా వదిలిన ఇన్‌పుట్ అర్థంలేని విలువ చూపిస్తుంది. ఎనిమిది బిట్లలో ధన, ఋణ సంఖ్యలు రెండూ రాయాలంటే, రాయగలిగిన అతి పెద్ద సంఖ్య 127. నాకు పద్దెనిమిది వేల ఖర్చు చెప్పిన అంకె అదే.

ప్రాసెసర్ అసలు వేడి ‘కోర్’ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే విభాగం) అన్న పేరున్న వరుసలలో ఉంటుంది. నాది 2021లో కొన్న ఇంటెల్ ఐ5-10400, ఆరు కోర్లు, గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ప్రతి కోర్‌లోని సెన్సర్ ఆ పరిమితికి ఇంకా ఎంత దూరంలో ఉన్నదీ చెబుతుంది, సాఫ్ట్‌వేర్ దానిని 100లోంచి తీసివేసి మనకు చూపిస్తుంది. ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్లు వాడేవారికి వేరొక చిక్కు ఉండేది. 2017లో వచ్చిన రైజెన్ 7 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఫ్యాన్ నియంత్రణ కోసం అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. అది తెలియక భయపడినవారు ఉన్నారు.

మధ్యాహ్నం గది 36 డిగ్రీలు ఉన్నప్పుడు కోర్ల మీద పని భారం పెట్టి చూశాను. ఖాళీగా ఉన్నప్పుడే 61 ఉన్న వేడి, ఐదారు సెకన్లలో 100ను తాకింది. 4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండవలసిన వేగం 1.2కు పడిపోయింది. పరిమితిని తాకినప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకునేందుకు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి పెరుగుతూనే ఉంటే పూర్తిగా ఆగిపోతుంది. నా మిషన్ నెమ్మదించడానికీ ఆగిపోవడానికీ ఒకటే కారణమని అప్పుడు స్పష్టమైంది. అయితే గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా రమారమి పది డిగ్రీలే పెరుగుతుంది. ఐదు సెకన్లలో నలభై డిగ్రీల పెరుగుదలను గుంటూరు ఎండ మీద నెట్టడం కుదరదు. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోంది. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని గాలికి వదిలే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్, రెక్కల అంచును వేలితో తాకితే గోరువెచ్చగా ఉంది. కింద 100, పైన గోరువెచ్చన అంటే, వేడి పైదాకా చేరడం లేదన్నమాట.

స్విచ్ ఆపి, వైరు తీసి, టార్చి వేసి చూశాను. హీట్‌సింక్‌ను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నులలో ఒకటి, పవర్ కేబుల్ చాటున ఉన్నది, పైకి లేచి ఉంది. ఒక మూల లేవడంతో ఆ లోహం ప్రాసెసర్ మీద సమంగా ఆనడం లేదు. రెండు నెలల క్రితం సర్వీసింగ్‌లో దానిని ఊడదీసి బిగించింది ఆ దుకాణంవారే. ఆ తర్వాత నేను మూత తీయలేదు కనుక, నా అనుమానం ఎవరి మీదో చెప్పనక్కరలేదు.

ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని దాటించేందుకు మధ్యలో పూసే పేస్టు ఎండిపోయి ఉంటే, దానిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాను. ఇది పది నిమిషాల పని. పిన్నుల దగ్గర మాత్రం ఓపిక కావాలి. తల మీది బాణం గుర్తు వైపు తిప్పితే పిన్ను వదులవుతుంది కనుక, బిగించే ముందు నాలుగింటినీ దానికి ఎదురు దిశలో తిప్పి ఉంచాలి. ఎదురెదురు మూలల్లోవి రెండేసి చొప్పున టక్కుమనే దాకా నొక్కాలి. ఆ చప్పుడును కూడా నమ్మకుండా బోర్డు వెనక వైపు చూడాలి. తెల్లని కాళ్ల మధ్యలోంచి నల్లని పిన్ను బయటికి వచ్చి, ఆ కాళ్లు విడి ఉంటేనే బిగిసినట్టు. పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టుకోమని నాకు ముగ్గురు చెప్పారు. మిర్చి యార్డుకు టిక్కీల లారీలు తిరిగే ఈ ఊళ్లో అలా చేస్తే నెలలో లోపలంతా దుమ్ము పేరుకుంటుంది, పిన్ను మాత్రం లేచే ఉంటుంది.

నిన్న రాత్రి గది 34 డిగ్రీలు ఉండగా, ఖాళీగా ఉన్నప్పుడు 43, అరగంట పూర్తి భారం మీద 75, వేగం 4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉన్నాయి. పేస్టుకు 250 రూపాయలు అయింది. ఆ అంకెలను తేదీతో సహా చీటీ మీద రాసి క్యాబినెట్ మూత లోపలి వైపు అంటించాను. ఆక్స్‌టిన్ ఇప్పటికీ 127 చూపిస్తూనే ఉంది. దానినీ అదే చీటీలో రాశాను.