ఎర్ర కాలిపర్లు కొనలేదు

ఆదివారం, రాత్రి

సబ్బుతో నాలుగుసార్లు కడిగినా గోళ్ల సందుల్లో నల్లటి మడ్డి పోలేదు. నడుం పట్టేసింది. ఇప్పుడు రాయకుండా పడుకుంటే రేపటికి సగం మర్చిపోతాను.

పోయిన నెల ఘాట్ రోడ్డు దిగుతుంటే మొదలైంది ఇదంతా. బండి నిండా జనం, పైన క్యారియర్ మీద సామాను. సగం దిగేసరికి బ్రేకు పెడల్ మెత్తబడిపోయింది. నొక్కుతున్నకొద్దీ లోపలికి దిగుతోంది గానీ బండి మాత్రం ఆగడానికి తొందరపడట్లేదు. రెండో గేరులో వేసి, ఇంజన్ మీదే మెల్లగా దింపుకొచ్చాను. "ఏదో మాడుతున్న వాసన" అని వెనక సీట్లోంచి మా ఆవిడ అడిగితే, తప్పు ముందు వెళ్తున్న లారీ మీదకు నెట్టేశాను.

ఆ తర్వాత ప్రతి రాత్రీ నిద్రకు ముందు పెద్ద బ్రేకు కిట్ల బొమ్మలు చూడటమే పని. చక్రంతో పాటు తిరిగే పళ్లేలంత డిస్కులు, వాటిని రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కిపట్టే ఆరు పిస్టన్ల కాలిపర్లు, నిగనిగలాడే ఎర్ర రంగు. బావకు చూపిస్తే ఒక్క మాటలో గాలి తీసేశాడు.

"నీ రిమ్ము పదహారు అంగుళాలది. ఇంత కాలిపర్ అందులో పడుతుందా? రిమ్ము మారిస్తే టైరు మార్చాలి. ముందు ఉన్నదాన్ని విప్పి చూడవయ్యా."

అసలు ఎంత వేడిని అడుగుతున్నానో ఆ చిన్న డిస్కుల్ని, ఒకసారి లెక్క వేసి చూశాను. రెండు టన్నుల బండి గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే దాదాపు 770 కిలోజౌళ్లు వేడిగా మారాలి. రెండు లీటర్లకు పైగా చన్నీళ్లను మరిగించేంత వేడి అది, అదీ కొద్ది సెకన్లలో. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. దీనికి తోడు రెండేళ్ల కింద సరదాపడి పెద్ద టైర్లు వేయించాను. చక్రం పెద్దదైతే అదే డిస్కు దాన్ని ఆపడానికి ఇంకా గట్టిగా పట్టాలి. ఆ సంగతి అప్పుడు తట్టలేదు, టైర్లు బాగున్నాయనిపించింది, అంతే.

పొద్దున్నే జాకీ వేసి, స్టాండ్ల మీద నిలబెట్టి ముందు చక్రాలు విప్పాం. ఎడమ పక్క బాగానే ఉంది. కుడి పక్క చూస్తే బయటి ప్యాడ్ సగానికి పైగా ఉంది, లోపలిది మాత్రం ఇనుము కనబడేదాకా అరిగిపోయింది.

"పిన్ను పట్టేసింది," అన్నాడు బావ, ఇంకా ముట్టుకోకుండానే.

మా బండివి కదిలే కాలిపర్లు. పిస్టన్ ఒక్క పక్కే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని తోస్తే, కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్ను జరగకపోతే భారమంతా ఒక్క ప్యాడ్ మీదే. పట్టుకారుతో మెలితిప్పి లాగితే పది నిమిషాలకు ఊడింది. వేలెడంత పిన్ను. గ్రీజు ఎండి తారులా అంటుకుపోయింది, కొసన తుప్పు. రబ్బరు తొడుగు ఒక చోట చిరిగి ఉంది, నీళ్లు దారి చేసుకున్నది అక్కడే. కిట్ల బొమ్మలు చూస్తూ నెల రోజులు కూర్చున్నానే, అసలు దొంగ ఇక్కడున్నాడు.

డిస్కు అంచున కనిష్ఠ మందం 26 మిల్లీమీటర్లు అని కొట్టి ఉంది. కొలిస్తే 25.4. అంటే మార్చాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

చివరికి వేసినవి ఇవే: అదే సైజు కొత్త డిస్కులు, మధ్యలో గాలి సందులున్నవి. చిల్లులున్నవి చూడ్డానికి బాగుంటాయి గానీ, బాగా వేడెక్కే బరువు బండికి ఆ చిల్లుల దగ్గరే బీటలు మొదలవుతాయని వద్దనుకున్నాను. ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్లు. కొత్త పిన్నులు, తొడుగులు. పాత రబ్బరు హోసుల బదులు స్టీలు అల్లిక ఉన్నవి. ముసలి రబ్బరు ఒత్తిడికి ఉబ్బుతుంది, కాలి బలం కొంత ఆ ఉబ్బుకే పోతుంది. తర్వాత డాట్ 4 బ్రేక్ ఆయిల్.

ఘాట్‌లో నా కాలి కింద మోసం చేసింది ఈ ఆయిలే అనుకుంటున్నాను. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకుని పాతబడ్డాక ఆ గీత 155 దాకా పడిపోవచ్చు. లోపల మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ ఆ బుడగల్నే నొక్కుతుంది. ఆయిల్ నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. లేత పసుపు రంగులో ఉండాల్సిన ఆయిల్ మా బండిలోంచి నల్లగా దిగింది. ఎప్పుడు మార్చానో గుర్తులేదు. అంటే మార్చలేదనే.

డిస్కు కూర్చునే హబ్ మీద తుప్పు గీకడానికి గంట పట్టింది. అక్కడ చిటికెడు తుప్పు మిగిలినా డిస్కు వంకరగా కూర్చుని పెడల్ వణుకుతుందని బావ వదిలిపెట్టలేదు. విప్పిన కాలిపర్‌ని హోసుకు వేలాడదీయబోతే కసిరి, తీగతో స్ప్రింగుకు కట్టించాడు.

బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు తప్పు నాదే. ఆయిల్ డబ్బాకు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టాం. లోపల కూర్చుని "నొక్కాను బావా" అంటే, కింద గాలి వదిలే నిపుల్ వదులు చేసి, బిగించి, "వదులు" అంటాడు. మూడు చక్రాలు అయ్యాయి. నాలుగో దాని దగ్గర పెడల్ గభాల్న నేలకు తగిలింది. డబ్బాలో ఆయిల్ చూస్తూ ఉండమన్నది నన్నే, నేను చూడలేదు. ఖాళీ అయిపోయి మళ్లీ గాలి లాక్కుంది. బావ ఏమీ అనలేదు, పానా తీసుకుని మళ్లీ వెనక ఎడమ చక్రం దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేని బండి కాబట్టి అంతటితో పోయింది, ఉంటే దాని డబ్బాలో ఇరుక్కున్న గాలితో ఇంకో తిప్పలు.

సాయంత్రం ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయడానికి ఒక్కడినే ఖాళీ రోడ్డు మీదకు వెళ్లాను. 60 నుంచి 15 దాకా, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు. తర్వాత బ్రేకు ముట్టుకోకుండా చల్లారేదాకా నడపడం. వేడి మీద ఆపి పెడల్ తొక్కి ఉంచితే ప్యాడ్ పదార్థం ఒకే చోట అంటుకుంటుంది.

మొదటిసారి నొక్కినప్పుడు కంటే పదోసారి బాగుంది. అంగుళం దిగగానే పెడల్ గట్టిగా నిలబడింది. ఆగే దూరం పెద్దగా తగ్గిందని చెప్పను, అది చివరికి టైరు పట్టు మీద ఉంటుంది. వెనక డ్రమ్ములను సర్దుబాటు మాత్రం చేశాం, వాటి లోపల రాసుకునే షూల పని ఇంకోసారి.

ఇంటి ముందు ఆపేసరికి మా ఆవిడ బయటికొచ్చింది. చక్రాల వంక చూసి, "ఏం మార్చారు? అన్నీ అలాగే ఉన్నాయిగా," అంది. తర్వాత ముక్కు ఎగబీల్చి ఆగింది. కొత్త ప్యాడ్ల వేడి ఇంకా పూర్తిగా పోలేదు.

"ఆ రోజు ఘాట్‌లో వచ్చింది ఈ వాసనే కదూ? లారీ అన్నారు?"

చేతులు మళ్లీ కడుక్కోవాలంటూ లోపలికి వెళ్లిపోయాను. నాలుగోసారి అదే.