నెత్తురు కొలిచిన సంచి

మొదటి కాన్పు తర్వాత నాకు రక్తస్రావం ఆగలేదు. ఆ సంగతి గదిలో ఎవరికీ తెలియలేదు. ఊరికి దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోమ్ అది. తడిసిన గుడ్డలు తీసి బకెట్లో వేశారు, కొత్తవి పెట్టారు. "కాన్పన్నాక ఆ మాత్రం పోతుందిలే అమ్మా" అంది ఆయా. నాకు చెవుల్లో హోరు, ఒళ్లంతా చల్లటి చెమట. బిడ్డను చూపిస్తే మొహం మసకగా కనిపించింది. నా గోళ్లు పాలిపోయాయని అమ్మ గోల చేశాకే బీపీ చూశారు. వెంటనే 108లో గుంటూరు పెద్దాసుపత్రికి పంపారు. గర్భసంచి బిగుసుకోలేదని అక్కడ తేల్చి, మందులిచ్చి, రక్తం ఎక్కించి బతికించారు.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. హిమోగ్లోబిన్ 6 దగ్గరుంది. మంచం దిగితే గుండె దడ, కళ్ల ముందు చీకట్లు. పాలు సరిగ్గా పడక బిడ్డ ఏడుస్తుంటే నేనూ ఏడ్చేదాన్ని. బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదని మా అత్తయ్య, బాగా తాగాలని డాక్టరమ్మ! చివరికి డాక్టరమ్మ మాటే నెగ్గింది. ఐరన్ ఇంజెక్షన్లు, మునగాకు పప్పు, రాగి జావ. ఒంట్లో సత్తువ మెల్లగా వచ్చింది గానీ, మళ్లీ కాన్పంటే టెన్షన్ మాత్రం పోలేదు.

రెండో కాన్పుకి గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో చేరాను. బిడ్డ బయటపడగానే నర్సు నా కింద పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచింది. దాని చివర గరాటులాంటి సంచి, సంచి మీద పాలసీసాకి ఉన్నట్టే మిల్లీలీటర్ల గీతలు. కాసేపటికి "డాక్టర్ గారూ, 300 దాటింది, పల్స్ కూడా పెరుగుతోంది" అని కేకేసింది. ఒకరు పొట్ట మీద మర్దన చేస్తున్నారు, ఒకరు సెలైన్ పెడుతున్నారు. గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్, రక్తం ఆగడానికి ట్రానెక్సామిక్ యాసిడ్. ఎక్కడైనా చిరిగిందేమో అని డాక్టరమ్మ చూస్తోంది. అన్నీ ఒకేసారి జరిగాయి. ఈసారి రక్తం ఎక్కించాల్సిన అవసరమే రాలేదు.

ఆ షీటు సంగతి డాక్టరమ్మని అడిగాను, తర్వాత నేనూ చదివాను. అది మన పక్కనే, కర్ణాటకలోని బెళగావిలో జరిగిన పరిశోధన కోసం తయారైందట. పల్లెల్లో కాన్పులకు, గర్భసంచి బిగుసుకునేలా చేసే మిసోప్రోస్టాల్ మాత్ర పనిచేస్తుందా అని 1,620 మంది తల్లుల మీద పరీక్షించారు. 2006లో ఫలితాలు వచ్చాయి: ఎక్కువ రక్తం పోయిన తల్లులు 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గారు. కంటి అంచనాలో రక్తం ఎంత తక్కువగా కనిపిస్తుందో కూడా ఆ షీటుతోనే బయటపడింది. అమెరికా ప్రభుత్వంతో పాటు, మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన బిల్ గేట్స్ గారి ఫౌండేషన్ కూడా ఆ పరిశోధనకి డబ్బిచ్చింది. తర్వాత ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో, 80 ఆసుపత్రుల్లో, 2 లక్షల మందికి పైగా తల్లులతో జరిగిన పెద్ద పరీక్షకూ ఆ ఫౌండేషన్ డబ్బే. కొలవడం, వెంటనే అన్ని చికిత్సలూ కలిపి మొదలుపెట్టడం, ఈ రెండింటితో తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది.

దానం అనగానే మనకి భవనం, దాని మీద పేరు గుర్తొస్తాయి. భవనాలూ కావాలి. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ ఉమ గవిని 2022లో పెద్దాసుపత్రి తల్లీబిడ్డల విభాగానికి 20 కోట్లు ఇచ్చారు, ఆవిడకి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఎవరికీ కనిపించని పరీక్షలకి, ఒక ప్లాస్టిక్ షీటు నిజంగా పనికొస్తుందా అని ఏళ్ల తరబడి తేల్చుకోవడానికి డబ్బు పెట్టడం నాకు అంతకన్నా గొప్పగా అనిపిస్తుంది. ఆ డబ్బు ఎవరి పేరుతో వచ్చిందో లేబర్ రూములో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మా ఆడపడుచుకి వచ్చే నెల విజయవాడలో కాన్పు. చెకప్‌కి తోడెళ్లి, రక్తం ఎలా కొలుస్తారని నేనే అడిగాను. డాక్టర్ గారు విసుక్కోకుండా షీటు తెప్పించి చూపించారు. ఆడపడుచుకి హిమోగ్లోబిన్ 9 ఉంది, కాన్పులోగా 11కి రావాలి అన్నారు. ఐరన్ మాత్ర టీతో వేసుకోకుండా చూడటం ఇప్పుడు నా పని.