సోంపు అడిగితే సోపు

మిక్సీ తిరుగుతోంది. "సోంపు డబ్బా అందుకోరా" అన్నాను. మావాడు బాత్రూమ్‌లోకి వెళ్ళి సోపు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. వాడు మాత్రం నవ్వలేదు. అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి.

మాది హిందూపురం. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాం. వాడి స్కూలు ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లోనే. క్లాసు కిటికీలోంచి బస్సుల హారన్లు, మెట్రో పనుల చప్పుడు. దానికి తోడు ఫ్యాన్లు, నలభై మంది పిల్లలు. డైరీలో వారానికొకసారి ఎర్ర ఇంకుతో రాసి పంపేవాళ్ళు: చెప్పింది వినడు, పక్కవాడి పుస్తకంలోకి చూస్తాడు. టీచరు ఫిఫ్టీన్ అంటే వీడు ఫిఫ్టీ రాసుకొస్తాడు. ఒకరోజు కోపం ఆపుకోలేక వీపు మీద ఒకటి వేసి, "నీకు చెవులు వినపడవా?" అని అరిచాను. "వినపడతాయమ్మా" అన్నాడు ఏడుస్తూ. వాడు చెప్పింది నిజమేనని తెలియడానికి నాకు ఇంకో ఆర్నెల్లు పట్టింది.

చెవుల గొడవ వాడికి కొత్త కాదు. నాలుగేళ్ళప్పుడు జలుబు తగ్గేది కాదు. నొప్పి లేదు, చీము లేదు. కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. చాలామంది పిల్లలకు మూడు నెలల్లో దానంతటదే పోతుంది, చూద్దాం అన్నారు ఈఎన్‌టీ డాక్టరు. వీడికి పోలేదు. చివరికి ముక్కు వెనక పెరిగిన ఎడినాయిడ్స్ అనే కండ తీసి, రెండు చెవుల్లో గ్రోమెట్లు పెట్టారు. బియ్యపు గింజకన్నా చిన్న గొట్టాలవి. కర్ణభేరికి పెట్టిన రంధ్రం మూసుకుపోకుండా చూస్తాయి, లోపలికి గాలి ఆడుతుంది. ఏడాదిలోపే వాటంతటవే రాలిపోయాయి. వినికిడి పరీక్షలో అంతా నార్మల్. కాగితాలు బీరువాలో పెట్టి, ఆ సంగతి మర్చిపోయాం.

డైరీ గోల ఎక్కువయ్యాక మళ్ళీ పరీక్ష చేయించాం. సౌండ్ రాని గది, హెడ్‌ఫోన్లు, బీప్ వినపడితే బటన్ నొక్కడం. అన్ని స్వరాలూ 15 డెసిబెళ్ళలోపు చిన్న శబ్దంలోనే వినేశాడు. అంటే ఏ లోపమూ లేదు. మరి నిర్లక్ష్యమేనా? కౌన్సెలర్‌కి చూపించమని ఒకరు, జ్ఞాపకశక్తికి టానిక్ పట్టించమని ఇంకొకరు. టానిక్ కూడా కొన్నాను, అబద్ధమెందుకు.

మా అత్త ఒక్కతే వాణ్ణి ఎప్పుడూ దూరం నుంచి పిలిచేది కాదు. దగ్గరికి వెళ్ళి, భుజం తట్టి, ముఖం చూసి మాట్లాడేది. ఎందుకత్తా అంటే, "నా మాదిరే మా వానికి. మాట వినపడతాది, ఏమంటాండారో తెలీదు. నలుగురు ఒకేసారి మాట్లాడితే అంతా గలగల" అంది. ఆమెకు డెబ్బై దాటాయి. ముసలామె ఏదో అంటుందిలే అనుకున్నాను.

మైసూరులో 1965 నుంచి ఉన్న వాక్ శ్రవణ సంస్థలో చదివిన ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణురాలి దగ్గరికి ఎవరో పంపారు. పాత రిపోర్టు చూసి ఆమె అడిగింది ఒకటే మాట: "ఈ పరీక్ష చేసిన గదిలో చప్పుడు లేదు కదా. మీ వాడి క్లాసులో ఉందిగా?"

ఆమె చేసిన పరీక్షలో బీపులుండవు, మాటలుంటాయి. ఆస్ట్రేలియాలో షారన్ కామెరాన్, హార్వీ డిల్లన్ తయారుచేసిన పద్ధతి. హెడ్‌ఫోన్లలో ఎదురుగా ఒక గొంతు వాక్యాలు చెబుతుంది. అదే సమయంలో ఇంకెవరో కథలు చదువుతుంటారు. వాక్యాన్ని తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితే తర్వాతి వాక్యం చిన్న గొంతుతో వినపడుతుంది, తప్పితే గొంతు పెద్దదవుతుంది. ఆ కథలు ఒకసారి ఎదుటినుంచే వస్తాయి, ఇంకోసారి కుడి ఎడమల నుంచి. వాక్యాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి భాష రాక తప్పుతున్నాడేమో అని ముందు నిశ్శబ్దంలో చెప్పించి చూసింది. అక్కడ ఒక్క తప్పూ లేదు.

గోల పక్కలకు జరిగితే మామూలు పిల్లలకు పని చాలా సులువవుతుందట. మావాడికి గోల ఎటునుంచి వచ్చినా పెద్ద తేడా లేదు. ఎడమవైపు చప్పుడు ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి లిప్తపాటు ఆలస్యంగా, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. మెదడు ఆ తేడా పట్టుకునే పక్కనున్న గోలను పక్కన పెడుతుంది. ఆ విద్య నేర్చుకునే వయసులో మావాడి చెవుల్లో నీళ్ళున్నాయి. అది అందరు పిల్లలకూ ఇలా మిగిలిపోదు, కొందరికే. "నీరు దానంతటదే పోతుందని అప్పుడు మేం ఆగకుండా ఉండాల్సిందా?" అని అడిగాను. అప్పుడు ఆగడం సరైనదే అంది ఆడియాలజిస్టు. నా మనసు కుదుటపడిందా అంటే, పూర్తిగా లేదు.

తర్వాత మూడు నెలలు శిక్షణ. వారానికి ఐదు రోజులు, రోజుకు 15 నిమిషాలు, హెడ్‌ఫోన్లతో ట్యాబ్‌లో ఆట. గోలలో ఒక వాక్యం వస్తుంది, దానికి సరిపోయే బొమ్మ నొక్కాలి. మొదటి వారం సరదా. రెండో వారం అదే మెట్టు మీద ఇరుక్కుపోయి హెడ్‌ఫోన్లు విసిరేశాడు. అవి పగిలిపోతే కొత్తవి కొన్నాం. నాలుగో వారంలో వాడు ఏడవకుండా కూర్చున్నది ఒక్క కారణానికే: వాళ్ళవ్వ పక్కన కూర్చుని, "నాకూ ఒక చెవిది ఈరా" అంది. ఒక చెవితో ఈ ఆట రాదవ్వా అని వాడే ఆమెకు పాఠం చెప్పాడు.

సాయంత్రాలు తెలుగులో మా సొంత ఆట ఒకటి పెట్టుకున్నాం. రేడియో చిన్నగా పెట్టి, నేను సరుకుల చీటీ చదవాలి: అర కిలో వంకాయలు, రెండు టెంకాయలు, పావు కిలో మెంతులు. వీళ్ళిద్దరూ తిరిగి చెప్పాలి. రోజురోజుకీ రేడియో కొంచెం పెంచేదాన్ని. ఇది వైద్యమని నేననను, కానీ ఆట బాగుండేది. మా అత్త పెదవులు చూసి మోసం చేసేది.

వీటన్నిటికన్నా ముందు పనిచేసింది బెంచీ మార్చడం. టీచరు గొంతు చుట్టూ ఉన్న గోలకన్నా 15 డెసిబెళ్ళు పైన ఉండాలట, పిల్లలకు పెద్దవాళ్ళకన్నా ఆ తేడా ఎక్కువ కావాలట. బయట మైదానంలోనైతే మాట్లాడేవాళ్ళకి దూరం సగమైతే 6 డెసిబెళ్ళు కలిసొస్తాయి. గదిలో అంత రాదు కానీ కొంత వస్తుంది. ఆడియాలజిస్టు ఉత్తరం తీసుకెళితే కిటికీకి, ఫ్యాన్‌కి దూరంగా రెండో బెంచీలో కూర్చోబెట్టారు. బెంచీలు ఈడ్చే చప్పుడు తగ్గడానికి పాత టెన్నిస్ బంతులు కోసి వాటి కాళ్ళకు తొడుగుతామంటే మాత్రం, చూడ్డానికి బాగోదన్నారు. రెండు నెలలు తిరిగాక ఒక్క క్లాసుకి ఒప్పుకున్నారు. ఆదివారం నాలుగ్గంటలు కూర్చుని బంతులు కోశాం. నా బొటనవేలు కూడా కోసుకుంది.

మూడు నెలల తర్వాత మళ్ళీ అదే పరీక్ష చేస్తే, వాడి వయసు పిల్లల హద్దులోకి వచ్చాడు. మార్కులేం ఎగిరి గంతులేయలేదు. లెక్కలంటే వాడికి భయం, దానికీ చెవికీ సంబంధం లేదని తేలింది. డైరీలో ఎర్ర ఇంకు తగ్గింది. నేను మిక్సీ ఆపి మాట్లాడడం నేర్చుకున్నాను.

మొన్న హిందూపురంలో పెళ్ళికి వెళ్ళాం. మేళాలు, మైకు, కల్యాణ మండపం నిండా జనం. మా అత్త ఎదురు వరసలో కూర్చున్న బంధువులావిడను చూస్తూ, "ఏమంటాండాదిరా ఆమె?" అని వాణ్ణి గిల్లింది. వాడు ఒక క్షణం అటే చూసి, అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు: "నీ చీర పోయిన పెళ్ళిదేనంట."

మా అత్త భోజనాల్లో ఆమె పక్కన కూర్చోలేదు.