కప్పు మీది తాబేలు

దక్షిణ జర్మనీలో కాగితపు కప్పులు తయారు చేసే ఒక కర్మాగారంలో నేను 2019 నుంచి నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తున్నాను. అంచు సమంగా చుట్టుకుందా, పక్క అతుకు గట్టిగా నిలిచిందా, అడుగు నుంచి చెమ్మ కారుతోందా అని రోజూ వందల కప్పులను చేతిలో తిప్పి చూడటం నా పని. 2021 జూలై 3 నుంచి ఈ పరీక్షలకు మరొకటి తోడైంది. ఎరుపు, నీలం రంగుల గడిలో ఒక తాబేలు బొమ్మ, దాని కింద ఈ వస్తువులో ప్లాస్టిక్ ఉందని చెప్పే జర్మన్ మాటలు ప్రతి కప్పు మీదా చెదిరిపోకుండా అచ్చయ్యాయో లేదో చూడాలి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన ఆదేశం అమలులోకి వచ్చిన రోజు అది. ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, పళ్ళేలు, కలిపే పుల్లలు ఆ రోజు నుంచి నిషేధమయ్యాయి. కాగితపు కప్పులను మాత్రం నిషేధించకుండా, ఈ గుర్తుతో అమ్ముకోనిచ్చారు.

అప్పటికే అచ్చయి గోదాములో ఉన్న సరుకు మీద 2022 జూలై 4 దాకా స్టిక్కర్ అంటించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. స్టిక్కర్లు అంటించిన ఆ వారాల్లో కంపెనీకి వచ్చిన ఉత్తరాలు నాకు బాగా గుర్తున్నాయి. కాగితమని నమ్మి ఇన్నాళ్ళూ కొన్నామని, ఇప్పుడు ప్లాస్టిక్ ఉందంటున్నారేమని చాలామంది నిలదీశారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. సమావేశాల్లో మా యాజమాన్యం బాధ మరోలా ఉండేది. కప్పు బరువులో ప్లాస్టిక్ సుమారు 5 శాతమే అయినప్పుడు, పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసిన కప్పుతో పాటు దీన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయమని వాళ్ళ వాదన.

ఆ 5 శాతం ఏం చేస్తుందో చేతులతో చూసినవాణ్ణి కాబట్టి ఆ వాదనతో నేను ఏకీభవించలేకపోయాను. కప్పు లోపలి పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ పొర తడిని ఆపడంతోనే సరిపెట్టుకోదు. యంత్రంలో వేడి తగిలి కరిగి, పక్క అతుకునూ అడుగు బిళ్ళనూ అంటించే జిగురు కూడా అదే. అది లేకపోతే కప్పు నిలబడదు. ఒకసారి ఒక కప్పును రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్న కాగితాన్ని వేళ్ళతో రుద్ది తీసేశాను. గుజ్జంతా పోయాక కప్పు ఆకారంలోనే ఉల్లిపొర లాంటి పలుచని తెర చేతిలో మిగిలింది. మామూలు కాగితపు మిల్లులు ఈ కప్పులను తీసుకోవడానికి వెనకాడేది ఆ తెర వల్లనే. దాన్ని వేరు చేసే ఏర్పాట్లున్న మిల్లులు తక్కువ, అక్కడి దాకా చేరే కప్పులు ఇంకా తక్కువ.

మా షిఫ్టు పెద్ద ఈ పరిశ్రమలో ముప్పై ఏళ్ళుగా ఉన్నాడు. "చెత్త వేసేది జనం, శిక్ష మాకా?" అని ఆయన తరచూ బాధపడేవాడు. ఒక శనివారం దుకాణంలో ఖాళీ సీసాలు వెనక్కి తీసుకునే యంత్రం ముందు, రెండు సంచుల నిండా సీసాలతో ఆయన కనిపించాడు. జర్మనీలో 2003 నుంచి వాడి పారేసే సీసాలకూ డబ్బాలకూ 25 సెంట్ల డిపాజిట్ ఉంది. ప్ఫాండ్ అని పిలిచే ఆ సొమ్ము ఖాళీ సీసా తిరిగి ఇస్తే వెనక్కి వస్తుంది. మీరు ఇంత ఓపికగా ఎందుకు మోసుకొస్తారని అడిగితే, "ఇది నా డబ్బు కదా, ఎందుకు వదులుకుంటాను?" అన్నాడు. డిపాజిట్ ఉన్న సీసాల్లో 95 శాతానికి పైగా తిరిగి చేరడానికి కారణం ఆ ఒక్క మాటలో ఉంది. రైల్వే స్టేషన్‌లో వృద్ధులు చెత్తబుట్టల్లోంచి సీసాలు ఏరుకుంటారు. మా కప్పును మాత్రం పక్కకు జరిపి వదిలేస్తారు, దానికి విలువ లేదు కాబట్టి.

టూబింగెన్ నగరం 2022 జనవరి 1 నుంచి ఆ కప్పుకు 50 సెంట్ల పన్ను వేసింది. ఒక ఫాస్ట్‌ఫుడ్ దుకాణం నడిపేవారు కోర్టుకు వెళ్ళారు. మన్‌హైమ్‌లోని కోర్టు ఆ పన్నును మొదట కొట్టేసినా, పై కోర్టు చాలావరకు నిలబెట్టింది. చివరికి కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానం చెల్లుతుందన్న తన నిర్ణయాన్ని 2025 జనవరిలో ప్రకటించింది. కాన్‌స్టాంజ్ నగరం అదే నెల నుంచి అలాంటి పన్నే మొదలుపెట్టింది. 2023 నుంచి పెద్ద దుకాణాలు మళ్ళీ వాడే కప్పును కూడా అదే ధరకు ఇవ్వాలన్న చట్టం ఉన్నా, నేను చూసినంతలో కౌంటర్ దగ్గర దాన్ని అడిగేవాళ్ళు అరుదు. ప్లాస్టిక్ తగ్గాలని అందరూ అంటారు, ఆ మాటలో నిజాయితీ ఉందని నేను నమ్ముతాను. కానీ రైలు అందుకోవాల్సిన పొద్దుటి పూట, చేతికి అందే కప్పుకు విడిగా ధర లేనప్పుడు, ఆ నిజాయితీ ఒక్కటే సరిపోవడం లేదు.

అందుకే పన్ను సరైనదని నేను భోజన విరామంలో అందరి ముందూ అన్నాను. అలా అనడం నాకు సులువు కాదు. మొదట్లో నా నివాస అనుమతికి జతపరిచిన కాగితం మీద ఈ కంపెనీ పేరే రాసి ఉండేది. ఉద్యోగం పోతే దేశం విడిచి వెళ్ళాల్సి వస్తుందేమోనన్న భయంతో ఆ రోజుల్లో నోరు విప్పేవాణ్ణి కాను. ఇప్పుడు ఆ షరతు లేదు గానీ, ఇంటి అద్దె, పిల్లల చదువు ఈ కప్పుల మీదే నడుస్తున్నాయి. షిఫ్టు పెద్ద నాతో వాదించలేదు. కప్పులు తగ్గితే మనిద్దరం ఏ యంత్రం మీద పనిచేయాలో కూడా నువ్వే చెప్పు అన్నాడు.

ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేదు. ఐరోపా సమాఖ్య కొత్త ప్యాకేజింగ్ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి సొంత పాత్ర తెచ్చుకున్నవారికి అందులో పోసి ఇవ్వాలి, 2028 ఫిబ్రవరి నుంచి మళ్ళీ వాడే పాత్రలు అందుబాటులో ఉంచాలి. ఆ తేదీలు మా సమావేశ గదిలో గోడకు అంటించి ఉన్నాయి. మళ్ళీ వాడే కప్పులు కడిగి, పగుళ్ళు చూసి, లెక్కపెట్టి తిరిగి పంపే పనికి కూడా అంచులు, అతుకులు పరీక్షించే కళ్ళు కావాలని, ఒక పాత లైనును ఆ పనికి మార్చాలని నేనూ ఆయనా కలిసి రెండు పేజీల ప్రతిపాదన రాసి యాజమాన్యానికి ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు.