కాగితం మీద పాచి రంగు

మొన్న ఆదివారం కొండవీడు దగ్గర మా అత్తయ్య వాళ్ల చేలో పుట్టగొడుగులు ఏరాం. రెండు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన పొద్దు. పుట్ట పక్కన తెల్లగా లేచి ఉన్నాయి. పీకబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుంది. పుల్లతో మన్ను తీయించింది. కాడ వేరులా సన్నబడుతూ చెదల గూడు దాకా దిగింది. గొడుగు నడుమ చిన్న మొన. "ఇవి రెండూ చూసుకో, అప్పుడు తెంపు" అంది.

ఆ ధైర్యంతోనే గుంటూరు వచ్చాక అపార్ట్‌మెంట్ లాన్‌లో మొలిచినవి కోసుకొచ్చా. తెల్లటి గొడుగు, మీద గోధుమరంగు పెచ్చులు, కాడకి ఉంగరం. నిజం చెప్పాలంటే అత్తయ్యవాటికన్నా ఇవే అందంగా ఉన్నాయి! కానీ కాడకి వేరు ఏదీ? పక్కన పుట్ట ఏదీ? ఒక గొడుగు తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి పడుకున్నా. తెల్లారి చూస్తే గొడుగు నుంచి రాలిన బీజాల పొడి, పాచి రంగు చారలుగా. క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అనే విషపు పుట్టగొడుగు. తింటే వాంతులు, విరేచనాలు. (వెండి చెంచా నల్లబడకపోతే మంచిదే అనే మాట నమ్మకండి, ఉత్తదే.)

హిమాచల్‌లో ఉండే తమ్ముడికి ఫోటో పెట్టా. వాళ్లకక్కడ దొరికేది గుచ్చీ, అంటే మోరెల్ అనే పుట్టగొడుగు. నిలువునా కోస్తే కొస నుంచి అడుగు దాకా ఒకటే బోలు ఉండాలట, లోపల దూదిలా ఉంటే నకిలీదట. అసలుదైనా పచ్చిగా తినకూడదు. మన ఎండల్లో అది మొలవదులెండి.

కిందకి దిగితే వాచ్‌మన్ చేతిలో సంచీ. "ఇయ్యి కూరకి బాగుంటయ్యా సార్?"

మళ్లీ పైకెళ్లి కాగితం తెచ్చి చూపించా.