అవ్వ ఉండగా మేమెందుకు: ఒక డంజన్ మాస్టర్ అనుభవం

హైదరాబాదులో మా ఇంట్లో రెండేళ్లుగా శనివారం సాయంత్రాలు ఐదుగురు మిత్రులకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట నడుపుతున్నాను. ఈ ఆటలో ఆటగాళ్లు తలా ఒక పాత్రను ధరిస్తే, రాజు మొదలుకొని సత్రం యజమాని దాకా మిగిలిన వారందరినీ డంజన్ మాస్టరే పలికించాలి. అలా నేను పలికించిన వారిలో ఒక ముసలి మాంత్రికురాలు ఉండేది. ఆటగాళ్లు ఆమెను అవ్వ అనేవారు. ఆమె కారణంగా మా ఆట ఆగిపోయేంత పని జరిగింది, దాన్ని చక్కదిద్దుకోవడానికి నెలన్నర పట్టింది.

ఆటగాళ్ల పాత్రలు అప్పటికి నాలుగో స్థాయిలోనే ఉన్నా, కథ వాళ్ల శక్తికి మించిన శత్రువు వైపు సాగుతోంది. తోడుగా ఒక పెద్దదిక్కు ఉంటే మంచిదనిపించి, 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాల్లో ఆర్చ్‌మేజ్ అనే మహామాంత్రికుడికి ఉన్న లెక్కలనే అవ్వకు ఇచ్చాను. అంటే పద్దెనిమిదో స్థాయి మంత్రశక్తి, 99 హిట్ పాయింట్లు (పడిపోయే ముందు తట్టుకోగల దెబ్బల లెక్క), కాలాన్నే నిలిపివేయగల మంత్రం.

ఒక శనివారం గోబ్లిన్లు ఇరుకు వంతెన మీద బారుగా నిలబడి దారి అడ్డగించాయి. ఇనిషియేటివ్‌లో, అంటే పోరాటంలో ఎవరి వంతు ఎప్పుడో తేల్చే పాచికల్లో, అవ్వ వంతు ముందు వచ్చింది. ఆమె లైట్నింగ్ బోల్ట్ అనే మంత్రం వేసింది. అది నూరడుగుల మేర నేరుగా దూసుకుపోయే మెరుపు. దానికి ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేయాలి, సగటున 28 దెబ్బ తగులుతుంది. నాలుగో స్థాయి యోధురాలు కత్తితో ఒక్క వేటు వేస్తే ఏడో ఎనిమిదో. నేను పాచికలు వేసి కూడుకుంటున్నంతసేపూ, అందరికన్నా చివరి వంతు వచ్చిన యోధురాలి పాత్రధారి తన ఇరవై ముఖాల పాచికను అరచేతిలో పట్టుకొని ఎదురుచూస్తూనే ఉంది. కూడిక ముగిసేసరికి వంతెన మీద ఎవరూ మిగల్లేదు. ఆమె ఏమీ అనకుండా ఆ పాచికను గుడ్డ సంచిలో వేసి తాడు బిగించింది.

మర్నాడు ఆమె దగ్గర నుంచి సందేశం వచ్చింది: "అన్నా, అవ్వ ఉండగా ఇక మేమెందుకు?"

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఎడ్ గ్రీన్‌వుడ్ సృష్టించిన, ఈ ఆట కథలు జరిగే ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకంలో ఎల్మిన్‌స్టర్ అనే మహామాంత్రికుడి గురించి కూడా ఆటగాళ్లు చాలాకాలంగా ఇదే అడుగుతున్నారు. ఈ సంగతి తెలిసి కూడా అదే పొరపాటు చేసినందుకు నాకు బాధ కలిగింది.

నలుగురిలో అడిగితే మొదట మాట్లాడినవారి మాటే అందరి మాట అయిపోతుందని, ఐదుగురితోనూ విడివిడిగా మాట్లాడాను. అది చాలా మేలు చేసింది, ఎందుకంటే ఫిర్యాదు ఒకటి కాదని తేలింది. యోధురాలి బాధ తన వంతు రాకపోవడం. దొంగ పాత్ర ధరించే మిత్రుడికి పోరాటాల పట్టింపే లేదు, తాను ఏ పథకం వేసినా మిగిలినవాళ్లు అవ్వ అభిప్రాయం అడగడమే అతని బాధ. మాంత్రికుడి పాత్రధారికి మాత్రం అవ్వ గురువు, ఆమెను చంపేస్తే తన కథ సగం పోతుందన్నాడు. అవ్వను ఏ డ్రాగన్‌కో బలి ఇచ్చి చేతులు దులుపుకోవాలన్న నా ఆలోచనను ఆ మాట విన్నాక మానుకున్నాను.

మొదట అవ్వకు ఒక శాపం తగిలించి ఆమె బలాన్ని సగానికి తగ్గించాను. పోరాటాలు సమంగా సాగాయి. కానీ ప్రతి కూడలిలోనూ, ప్రతి తలుపు ముందూ "అవ్వ ఏమంటుంది?" అన్న ప్రశ్న అలాగే మిగిలింది. అప్పుడు నాకు అర్థమైంది: అవ్వ మాట్లాడేది నా గొంతుతో, కథ ఎటు పోతుందో తెలిసిన గొంతుతో. ఆమె ఎంత బలహీనురాలైనా, ఆమె సలహా వాళ్లకు తీర్పులాగే వినిపిస్తుంది.

తరువాతి సెషన్‌కు ముందు అరగంట ఆట పక్కన పెట్టి, ఈ విషయం అందరి ముందూ చెప్పాను. అవ్వ ఊళ్లోనే ఉంటుందని, వాళ్లు పిలిస్తేనే వస్తుందని, వచ్చినప్పుడు పోరాటంలో ఆమె వంతును ఆటగాళ్లలో ఒకరు నడుపుతారని ఒప్పుకున్నాం. వీటితో పాటు ఆమె లెక్కలు రాసుకున్న షీటు వెనుక ఆమెకు నిజంగా తెలిసినవాటిని, ఆమె పొరపాటుగా నమ్ముతున్న రెండు సంగతులను రాసుకుని, ఇకపై ఆ కాగితం దాటి ఆమెతో పలికించనని చెప్పాను. ఆ పొరపాట్లు ఏవన్నది మాత్రం చెప్పలేదు.

మూడు వారాల తరువాత, పాడుబడిన కోటకు వెనుక ద్వారం లేదని అవ్వ గట్టిగా చెప్పింది. దొంగ పాత్రధారి ఒప్పుకోలేదు. కోటకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న మీద ఐదుగురూ పటం చుట్టూ చేరి ఇరవై నిమిషాలు వాదించుకున్నారు, అంతసేపూ నన్ను గానీ అవ్వను గానీ ఎవరూ ఏమీ అడగలేదు.